చారి తోక మీద పుట్టుమచ్చ

చెల్లీ, స్టవ్ కట్టేసి వచ్చి ఇలా కూర్చో. మనం తీరిగ్గా మాట్లాడుకుని చాలా రోజులైంది. ఇవాళ చెప్పేది పెళ్లి కబురూ కాదు, పండగ వంటా కాదు. అయిదు నెలలు మా ఇంట్లో తప్పుడు పేరుతో బతికిన ఓ చేపపిల్ల ముచ్చట.

జూన్‌లో మొదలైంది. వేసవి సెలవులకి వైజాగ్ వెళ్లాం కదా, బయల్దేరడానికి ముందురోజు సాయంత్రం మా తమ్ముడి కొడుకు జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో మంచినీళ్ల సీసా, సీసాలో బొటనవేలి గోరంత చేప. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గాక రాళ్ల సందుల్లో నీళ్లు నిలబడిపోతాయి చూడు, అలాంటి గుంటలో దొరికిందట. బూడిదరంగు ఒళ్లు, దాని మీద పైనుంచి కిందికి నల్లటి చారలు. "అత్తా, దీన్ని మీ ట్యాంకులో వేసుకో. నీకు సముద్రం గుర్తొస్తూ ఉంటుంది" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లాడు ఆ మాట అన్నాక నాకు కాదనబుద్ధి కాలేదు. కాదని ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే జన్మభూమి ఎక్కాం. వైజాగ్‌లో తెల్లారుతుండగా ఎక్కితే చీకటి పడ్డాక లింగంపల్లిలో దింపుతుంది, అక్కణ్ణుంచి చందానగర్ ఎంతసేపు! అయిదు లీటర్ల డబ్బాలో సముద్రపు నీళ్లు, అందులో చేప, పక్కన బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు. పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా మూత తీసి చూశాం. రాజమండ్రి వంతెన మీద మా అమ్మాయి డబ్బా ఎత్తి కిటికీకి ఆనించింది, ఉప్పునీళ్ల చేపకి గోదావరి చూపిస్తానని.

ఇంటికి చేరేసరికి కింది పోర్షన్ ఆవిడ గేటు దగ్గరే ఉంది. అంతకు ముందురోజే మృగశిర కార్తె వచ్చింది. చందానగర్ మార్కెట్లో చేపల కోసం ఎంత తోపులాటో చెప్పబోయి, డబ్బాలోకి తొంగిచూసి ఆగిపోయింది. "మిరుగం నాడు చేపలు తింటరు గని, రైల్ల తెచ్చుకొని సాదుకుంటరా అక్కా? ఇది బుడ్డపరకనా ఏంది?" అంది. బుడ్డపరక కాదు, ఉప్పునీళ్లలో బతికేది అన్నాను. "మరి దీని పేరేంది?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు. ఒంటినిండా చారలున్నాయని మా అమ్మాయి అప్పటికప్పుడు "చారి" అంది. పిలుపు పేరు అలా కుదిరింది. అసలు పేరు దొరకడానికే అయిదు నెలలు పట్టింది.

ట్యాంకు సంగతి నీకు తెలుసు కదా. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. దాదాపు 190 లీటర్లు. గచ్చిబౌలి ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి మా ఆయన అరగంట దాని ముందు కూర్చుంటారు. ఆ అరగంటా ఫోన్ ముట్టుకోరు. అందుకే ఆ ట్యాంకంటే నాకూ అంత ఇష్టం. కానీ సముద్రానికి ఇంత దూరంలో సముద్రాన్ని నిలబెట్టడం తేలిక కాదు. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లూ పనికిరావు, బోరు నీళ్లూ పనికిరావు. లవణాలన్నీ తీసేసిన నీళ్లు పట్టి, వాటిలో లీటరుకి 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలపాలి. అంటే ఒక్కసారి నింపడానికే ఆరున్నర కిలోలు. వంట ఉప్పు కాదు, ఇందుకోసమే చేసిన మిశ్రమం. మే నెలలో ఊరు నలభై రెండు డిగ్రీలు దాటితే నీళ్లని ఇరవై ఆరు దగ్గర ఉంచాలి. చిల్లర్ కొనకముందు మేం నీళ్ల మీదికి ఫ్యాను తిప్పి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకునేవాళ్లం. ఫ్యాను తిరిగితే నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకి ఉప్పు లేని నీళ్లే పొయ్యాలి. ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకీ చిక్కబడుతుంది. ఇది నేను రెండు సార్లు తప్పు చేశాక నేర్చుకున్నాను, నువ్వు ఒక్కసారి కూడా చెయ్యకు.

ఆ ట్యాంకులో అప్పటికి మూడు చేపలున్నాయి. రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు తోక నీలం డామ్‌సెల్. ఆ నీలం దానికి నేను బాకీ ఉన్నాను చెల్లీ. మొదట్లో దుకాణంలో ఒకాయన, "డామ్‌సెల్ గట్టి చేప, కొత్త ట్యాంకులో ముందు దాన్ని వేస్తే నీళ్లు కుదురుకుంటాయి" అన్నాడు. వేశాం. కొత్త నీళ్లలో చేప విసర్జించే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకాలమూ ఆ చేప మొప్పలు మండే నీళ్లలో ఉంది. నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుచుకుని గబగబా ఊపిరి తీసుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. గట్టిది కాబట్టి బతికింది. గట్టిదాన్ని అంత కష్టపెట్టొచ్చని ఎవరన్నారు? చేప లేకుండానే, బయటినుంచి కాస్త అమ్మోనియా చుక్కలు వేసి ఆ సూక్ష్మజీవుల్ని పెంచుకోవచ్చని మాకు ఆలస్యంగా తెలిసింది.

సరే, చారి దగ్గరికి వద్దాం. క్లౌన్ చేపలు కూడా డామ్‌సెల్ కుటుంబంవేనని మా అమ్మాయికి అప్పుడే తెలిసింది. ఆశ్చర్యపోయింది. పోమాసెంట్రిడే అని దాని పేరు, నాలుగు వందలకి పైగా జాతులున్న పెద్ద కుటుంబం. చారి కూడా అందులోదేనని మా ఆయన తేల్చారు. వెంటనే చారల్ని చూసి "సార్జెంట్ మేజర్" అనేశారు. సైన్యంలో సార్జెంటు చేతి మీద పట్టీలుంటాయి కదా, ఆ పోలికతో పెట్టిన పేరు. హిందూ మహాసముద్రంలో ఉండే సార్జెంట్ శాస్త్రీయ నామం అబుడెఫ్‌డఫ్ వైజియెన్సిస్. వైజాగ్ అని వినపడి నేను మురిసిపోయాను. కాదట, ఇండోనేషియాలో వైజియో అనే దీవి ఉంది, ఆ పేరట. అయినా ఆ పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. వచ్చినవాళ్లకల్లా "ఇది వైజాగ్ సార్జెంట్" అని చెప్పుకున్నాను.

కానీ సార్జెంట్‌కి వీపు మీద పసుపు పూసినట్టుంటుంది. చారి వీపు పసుపెక్కలేదు. జూలై, ఆగస్టు గడిచాయి. వయసొస్తే వస్తుందిలే అనుకున్నాం. పిల్లల ముక్కు పెద్దయ్యాక తీరుతుంది అంటామే, అలా సర్దిచెప్పుకున్నాం.

ఈ చేపల్లో రంగు మీద ఆనుకుంటే మోసపోతామని అప్పటికి నాకు తెలీదు. ఒక్కొక్కటే తెలుసుకుంటుంటే కళ్లు తిరిగాయి. నల్లటి ఒంటి మీద మూడు తెల్ల చుక్కలతో డొమినో అని ఒక డామ్‌సెల్ అమ్ముతారు. పిల్లగా ఉన్నప్పుడు ఆ చుక్కలు ముత్యాల్లా మెరుస్తాయి, పెద్దయ్యేకొద్దీ మాసిపోతాయి. ఇంకో జాతి ఉంది. పిల్లప్పుడు తెల్లటి ఒళ్లు, వీపంతా పసుపు, పొట్ట కింది రెక్కల్లో నీలం. ఎవరైనా చూసి ముచ్చటపడి కొనుక్కుంటారు. అదే పెరిగి పెద్దదై నిలువెల్లా నల్లబడిపోతుంది. చేప మారిపోయిందనీ, ఎవరో ఎత్తుకుపోయి వేరేది పెట్టారనీ అనుకున్నవాళ్లు కూడా ఉండి ఉంటారు. ముదురు నీలం డామ్‌సెల్‌ని సంచిలో వేసి ఇంటికి తెచ్చేలోపు భయంతో దాదాపు నల్లగా అయిపోతుంది, కుదురుకున్నాక మళ్లీ నీలం తేలుతుంది. సార్జెంట్ మగచేప గుడ్లకి కాపలా కాసే రోజుల్లో ఒళ్లంతా నీలిరంగుకి తిరుగుతుంది. వయసుని బట్టి, భయాన్ని బట్టి, బాధ్యతని బట్టి రంగు మార్చే ప్రాణిని రంగు చూసి ఏమని పిలుస్తాం?

మరి వాటికవి ఎలా గుర్తుపడతాయి అని నువ్వు అడుగుతావని తెలుసు, నేనూ అదే అడిగాను. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో రెండు పసుపు డామ్‌సెల్ జాతులున్నాయి. మన కళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటి ముఖాల మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సన్నని చుక్కలూ గీతలూ ఉంటాయి, ఒక్కో జాతికి ఒక్కో ముగ్గు. ఆ చేపలు ఆ ముగ్గుని చూసి మనవాడు, పరాయివాడు అని తేల్చుకుంటాయని 2010లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నిరూపించారు. మనకి ఆ చూపు లేదు. చారిని ఎదురుగా పెట్టుకుని రోజూ చూస్తున్నా, దాని ముఖం మీద ఏం రాసి ఉందో నాకు కనపడదని తెలిసినప్పుడు మనసు అదోలా అయింది.

పేరు ఏదైతేనేం, ప్రేమగా చూసుకుంటే చాలదా అని అమ్మ ఫోన్లో అంది. చాలదమ్మా అన్నాను. ఎందుకంటే సెప్టెంబరుకల్లా చారి మిగతావాటిని తరమడం మొదలుపెట్టింది. ఒక మూల రాయిని తనదనుకుంది. అటు ఎవరొచ్చినా ఊరుకోదు. చిన్న క్లౌన్ తోక అంచు చిరిగింది. గాజు తుడవడానికి నేను చెయ్యి పెడితే నా వేలిని కూడా పొడిచింది. కింది ఆవిడ చూసి, "గింతంత లేదు, గట్ల కొడ్తాంది!" అని బుగ్గన వేలేసుకుంది. డామ్‌సెల్ చేపలన్నిటికీ కాస్తో కూస్తో ఈ గుణం ఉంది. సముద్రంలో కొన్ని జాతులు రాయి మీద నాచుని పొలంలా కాపాడుకుంటాయి. పనికిరాని నాచు పీకేసి, పనికొచ్చేదాన్ని పెంచుకుని, తమకంటే ఎన్నో రెట్లు పెద్ద చేపల్ని కూడా దగ్గరికి రానివ్వవు. అయితే ఏ జాతి ఎంత పెరుగుతుంది, ఎంత చోటు కావాలి అనేది పేరు తెలిస్తేనే తెలుస్తుంది. మా పసుపు తోక నీలం చేప ఏడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సార్జెంట్ అయితే ఇరవై. ఇద్దరికీ అదే గదిలో కాపురం ఎలా పెడతాం?

అప్పుడు పట్టుబట్టి వెతికాం. మా అమ్మాయి భూతద్దం తెచ్చింది, మా ఆయన ఫోన్‌తో దగ్గరి నుంచి ఫొటోలు తీశారు. కదలని ఫొటో రావడానికి రెండు ఆదివారాలు పట్టింది. కొన్ని గుర్తులు రంగుతో సంబంధం లేనివి, అవి ముందు చూడాలి. చాలా చేపలకి ముక్కుకి ఒక్కో పక్కన రెండేసి రంధ్రాలుంటాయి. డామ్‌సెల్ చేపల్లో ఎక్కువవాటికి ఒక్కో పక్క ఒక్కటే. చారికి ఒక్కటే ఉంది. పొట్ట వెనక కింది రెక్కలో ముందు గట్టి ముళ్లు రెండుండాలి, ఉన్నాయి. వీపు రెక్కలో గట్టి ముళ్లు ఎన్నో లెక్కపెట్టాలి. పన్నెండని మా అమ్మాయి, పదమూడని నేను. ఫొటో పెద్దది చేసి అగ్గిపుల్లతో ఒక్కోటీ చూపిస్తూ లెక్కపెడితే పదమూడు తేలింది. డొమినో జాతివాటికి పన్నెండే ఉంటాయి, కాబట్టి అవి పక్కకి వెళ్లాయి. సార్జెంట్ బంధువులైన అబుడెఫ్‌డఫ్‌లకి పదమూడు. ఇంటిపేరు ఖాయమైంది. ఇక ఆ ఇంట్లో ఎవరు?

మన తీరంలో రాతి గుంటల్లో దొరికేవి నాలుగైదు. చారల్ని లెక్కపెడదామంటే చారి ఒక పూట ఆరు చూపిస్తుంది, ఒక పూట ఏడు, ఒక్కోసారి అన్నీ కలిసిపోయి ఉత్త మసక. అయిదు చారలుంటే సార్జెంట్. తోక రెండు కొసల్లోనూ నల్లగీత కత్తెరలా ఉంటే ఇంకోటి. సన్నని చారలూ గుండ్రటి తోకా ఉంటే బెంగాల్ పేరు పెట్టుకున్నది, బ్లాక్ అనే జర్మన్ వైద్యుడు 1787లోనే వర్ణించాడు దాన్ని. మాది ఏదీ కాదు, అన్నీ కొంచెం కొంచెం. అక్కడ ఆగిపోయాం.

నవంబరులో మా అమ్మాయి బడి నుంచి టెన్త్ పరీక్షల ఫారం వచ్చింది. నీకు గుర్తుందా, రెండు పుట్టుమచ్చలు రాయాలి. మనప్పుడు నాన్న మన చేతులు దీపం దగ్గరికి లాగి వెతికేవారు. నేనూ అలాగే కూర్చోబెట్టి వెతికాను. ఎడమ మోచేతి మీద ఒకటి, కుడి చెవి కింద ఒకటి. "ఇవే ఎందుకమ్మా, నా ముఖం ఉందిగా?" అంది. ముఖం మారుతుంది, లావవుతావు, సన్నబడతావు, జుట్టు కత్తిరించుకుంటావు, పుట్టుమచ్చ మారదు, అందుకని అన్నాను. నేను అంటుండగానే ఆ పిల్ల ట్యాంకు వైపు తిరిగింది. అప్పటికి లైటు ఆర్పేసి గంటైంది. ఫోన్ వెలుగు వేసి చూస్తే చారి రాయి కింద నిద్రలో ఉంది. నిద్రలో దాని చారలు దాదాపు కరిగిపోయి ఒళ్లు పాలిపోయి ఉంది. కానీ తోక మొదట్లో, పైభాగాన, నల్లటి మచ్చ ఒకటి కాటుక పెట్టినట్టు అలాగే ఉంది.

ఆ మచ్చని మేం రోజూ చూస్తూనే ఉన్నాం, చెల్లీ. దాన్ని ఆఖరి చార తాలూకు ముక్క అనుకున్నాం. చారలన్నీ పోయినా అది ఒక్కటీ పోకపోవడం ఆ రాత్రే చూశాం.

దాంతో పేరు నిమిషంలో దొరికింది. అబుడెఫ్‌డఫ్ సార్డిడస్. తోక మొదట్లో పైన నల్లమచ్చే దాని గుర్తు. ఎర్ర సముద్రం నుంచి హవాయి దాకా ఉంటుంది, పిల్లలు రాతి గుంటల్లో పెరుగుతాయి, పెద్దవి అలలు కొట్టే రాళ్ల దగ్గర ఉంటాయి. ఇరవై నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే జానెడుకి మించి. మూడడుగుల తొట్టిలో జానెడు చేప! మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

సార్డిడస్ అంటే లాటిన్‌లో మురికిది, మాసినది అని అర్థం. మా అమ్మాయికి కోపమొచ్చింది. నాకూ నచ్చలేదు. ఆ పేరు పెట్టినవాడి కథ చదివాక మాత్రం కోపం తగ్గింది. ఫోర్స్‌కాల్ అని, లిన్నేయస్ శిష్యుడు. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియా వెళ్లాడు. ఎర్ర సముద్రం చేపల్ని పట్టి, చర్మాన్ని ఆకులాగా కాగితానికి అంటించి భద్రపరిచేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్లకే, 1763లో యెమెన్‌లో మలేరియాతో పోయాడు. ఆ బృందంలో చివరికి ఒక్కడే తిరిగొచ్చాడు, నీబూర్ అని. అతనే స్నేహితుడి రాతల్ని 1775లో అచ్చు వేయించాడు. ఆరిపోయిన చర్మం చూసి ఫోర్స్‌కాల్ ఆ పేరు రాసుకున్నాడో ఏమో, దానికి మెరుపెక్కడ ఉంటుంది? ఇంకో మాట, అబుడెఫ్‌డఫ్ అన్నది లాటిన్ కాదు, అరబ్బీ. అక్కడి జాలరులు పిలుచుకునే పేరునే ఫోర్స్‌కాల్ రాసుకున్నాడు. హవాయిలో ఇదే చేపని కూపీపీ అంటారు.

మరి మనవాళ్లు ఏమన్నారు? ఇక్కడే నా గుండె వేగంగా కొట్టుకుంది. రక్తపింజరని ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అంటారు కదా, ఆ రసెల్ మన వైజాగ్‌లోనే ఉండేవాడు. పాట్రిక్ రసెల్, స్కాట్లాండ్ వైద్యుడు. 1781లో తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు, తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. ఆ పాముని మనవాళ్లు "కాటుక రేకుల పొడ" అంటారని తెలుగు పేరుతో సహా రాసుకున్న మనిషి. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు వేశాడు. చేపల పేర్లు చాలావరకు తీరం మీద జనం చెప్పినవే, తను విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. అందులో చారల చేపలు పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి రాహ్‌తి పోతా. రెండోది కలమోయ పోతా. తర్వాతి శాస్త్రవేత్తలు మొదటిదాన్ని సార్జెంట్‌గా గుర్తించారు. రెండోది సార్డిడస్. అంటే మా చారి.

రాహ్‌తి అని అతను రాసింది నా చెవికి "రాతి" అనే వినిపిస్తుంది. రాళ్లలో ఉండే చేప, రాతి చేప. ఫ్రాన్సులో క్యువియే 1830లో ఆ చేపకి శాస్త్రీయ నామం పెడుతూ రసెల్ రాసిన మాటనే తీసుకుని గ్లిఫిసోడాన్ రాహ్‌తి అన్నాడు. తర్వాత అది వైజియెన్సిస్‌తో ఒకటేనని తేలి ఆ పేరు పక్కకి పోయింది కానీ, విశాఖ రేవులో ఓ జాలరి నోటినుంచి వచ్చిన మాట పారిస్ పుస్తకంలోకి ఎక్కింది కదా! అట్లాంటిక్‌లో ఉండే అసలు సార్జెంట్ మేజర్‌కి లిన్నేయస్ 1758లో పెట్టిన పేరు సాక్సటిలిస్. దాని అర్థం రాళ్ల మధ్య ఉండేది అని. అతను విశాఖ చూడలేదు, మన జాలరి లాటిన్ వినలేదు. చేపని చూసి ఇద్దరూ ఒకే మాట అన్నారు.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. "కలమోయ" అని రెండుసార్లు అనుకుని, "మా చిన్నప్పుడు వలల దగ్గర విన్న మాటలాగే ఉంది, పేరు మాత్రం నాకు తగల్లేదు" అంది. తర్వాత, "తిరిగి తెచ్చి అదే గుంటలో వదిలేస్తే పోదా?" అని అడిగింది. వదలకూడదమ్మా అన్నాను. దుకాణం చేపలతో ఒకే నీళ్లలో అయిదు నెలలుంది. ఏ ఊరి జబ్బు మోస్తోందో కంటికి కనపడదు. తెచ్చాక మనదే పూచీ.

అందుకే చెల్లీ, నువ్వు ట్యాంకు పెట్టుకుంటే మాత్రం మొదటే కొన్ని సంగతులు కనుక్కో. కొనేటప్పుడు చేప సముద్రంలో పట్టిందా, హేచరీలో పుట్టిందా అని అడుగు. మన దేశంలోనే సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు క్లౌన్ చేపల్నీ, చాలా రకాల డామ్‌సెల్ చేపల్నీ గుడ్ల నుంచి పెంచే పద్ధతులు కనిపెట్టారు. అలా పుట్టిన పిల్లలు దొరికినప్పుడు రాళ్ల మీది పిల్లల్ని ఏరుకురావడం ఎందుకు? బతికున్న పగడాలు ఎవరైనా రహస్యంగా చూపిస్తే ఆ దుకాణం మెట్లు దిగిపో. 2001 నుంచి గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానం. సంచి మీద "మిక్స్ డామ్‌సెల్" అని రాసి ఉంటే అందులో ఏముందో చెప్పమను. చెప్పలేకపోతే వద్దు. పిల్ల చేప అందాన్ని చూడకు, పెద్దదాని ఫొటో చూపించమను.

చారికి ఇప్పుడు ఆరు సెంటీమీటర్లు. ఆదివారం ఆదివారం గాజుకి బయట స్కేలు ఆనించి కొలుస్తున్నాం. ట్యాంకు మధ్యలో రంధ్రాల అద్దం అడ్డం పెట్టాం, చిన్న క్లౌన్ తోక మళ్లీ నిండింది. నల్లగండ్లలో మా ఆయన స్నేహితుడి ఇంట్లో ఆరడుగుల ట్యాంకు ఉంది, అందులో పెద్ద చేపలే ఉంటాయి. పది సెంటీమీటర్లు దాటాక అక్కడికి పంపుదామనుకున్నాం. అప్పటిదాకా ఇక్కడే. మా అమ్మాయి ఒక చిన్న కాగితం మీద కలమోయ అని తెలుగులో రాసి గాజుకి అంటించింది. కింది ఆవిడ పైకొచ్చినప్పుడు చదివి, "గిప్పుడు దొరికిందా పేరు!" అని ఎంతో సంతోషపడింది. వాళ్ల మనవరాలికి కూడా చూపిస్తానంది.

మొన్న శనివారం సాయంత్రం తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. గాలి హోరుమంటోంది, రాళ్ల మీదే ఉన్నట్టున్నాడు. "అత్తా, అదే గుంటలో ఇంకోటుంది. తోక మీద మచ్చ ఉంది, నేనే చూశాను." నా ఊపిరి ఆగింది. "పట్టావా?" అన్నాను.

"లేదత్తా. ఫొటో తీశాను. పోటొస్తోంది, అది వెళ్లిపోయింది."